పాఠకుల ప్రశ్నలు: ఇటలీలో కావ్యాన్ని పైకి చదువుతారట, అదీ అందరూ కలిసి!

పోయిన సంచికలో ఇటలీ కవి డాంటే గురించి చిన్న పరిచయం వేశాం. ఆయన కావ్యాన్ని అక్కడి జనం ఇప్పటికీ వీధుల్లో గొంతెత్తి చదువుతారని అందులో ఒక్క వాక్యం రాశాను. వచ్చిన ఉత్తరాలన్నీ ఆ ఒక్క వాక్యం మీదే. నాకు చాలా సంతోషంగా ఉంది, ఎందుకంటే డాంటే గురించి నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి కూడా అదే. పేర్లు వద్దని కొందరు అడిగారు కాబట్టి అందరికీ ఊళ్ల పేర్లే వేస్తున్నాం.

ప్రశ్న (ఒక అమ్మ, రాజమండ్రి): మా అబ్బాయి బొలోన్యాలో ఎమ్మెస్ చదువుతున్నాడు. ఈమధ్య స్నేహితులతో రవెన్నా అనే ఊరు వెళ్లాడు. సాయంత్రం ఒక సమాధి ముందు ఎవరో ఆవిడ పుస్తకం పట్టుకుని పద్యాలు చదువుతోందట, చుట్టూ జనం నిలబడి వింటున్నారట. "ఏదో ప్రార్థన అనుకున్నానమ్మా, కాదట" అన్నాడు ఫోన్లో. ఏమిటండీ అది?

జవాబు: అది డాంటే సమాధి అమ్మా. ఆయన 1265లో ఫ్లోరెన్స్‌లో పుట్టాడు. ఊరి రాజకీయాల్లో ఆయన ఉన్న పక్షం ఓడిపోవడంతో 1302లో ఆయన్ని వెలివేశారు. దొరికితే సజీవంగా కాల్చెయ్యాలని తీర్పు కూడా చెప్పారు. మళ్లీ ఆయన సొంతూరి ముఖం చూడలేదు. పరాయి ఊళ్లలో, పరాయి పంచల్లో బతికి చివరికి 1321 సెప్టెంబర్‌లో రవెన్నాలో కన్నుమూశాడు. ఆయన కావ్యం డివైన్ కామెడీ అంతా ఆ ప్రవాసంలో రాసిందే. నరకం, ప్రక్షాళన లోకం, స్వర్గం అని మూడు భాగాలు, మొత్తం 100 కాంటోలు (కాంటో అంటే మన కావ్యాల్లో సర్గ అనుకోండి), 14,233 పంక్తులు.

మీ అబ్బాయి చూసిన పఠనం 2020 సెప్టెంబర్‌లో మొదలైంది. రోజుకో కాంటో చదువుతారు. 100 కాంటోలూ పూర్తయ్యాక మళ్లీ మొదటికొచ్చి, కవి అడవిలో దారి తప్పే మొదటి కాంటో దగ్గర మొదలుపెడతారు. చదవడానికి నటులే అక్కర్లేదు, ముందుగా పేరు ఇచ్చుకున్న మామూలు మనుషులు వచ్చి చదువుతారు. అక్కడ ఒక గంట కూడా ఉంది. డాంటే పోయి 600 ఏళ్లయిన సందర్భంగా 1921లో ఇటలీ మునిసిపాలిటీలు కలిసి ఇచ్చిన గంట అది, పొద్దుగూకేవేళ 13 సార్లు మోగుతుంది.

ఈ పఠనానికి పెట్టిన పేరు ప్రక్షాళన లోకం 8వ కాంటో మొదటి పంక్తి నుంచి తీసుకున్నారు. ఆ పంక్తుల భావం ఇది: ఆత్మీయుల దగ్గర సెలవు తీసుకుని ఓడెక్కిన రోజున మనసు వెనక్కి మళ్లే వేళ, కొత్తగా ఊరు వదిలినవాడికి దూరాన గంట వినిపిస్తే, అది పోతున్న పొద్దు కోసం ఏడుస్తున్నట్టు తోచి గుండె కలుక్కుమనే వేళ. సొంతూరు పోగొట్టుకున్న మనిషి రాసిన మాటలివి. మీ అబ్బాయి కూడా ఇంటికి దూరంగానే ఉన్నాడు కదా. మీకు ఫోన్ చేసి ఈ సంగతే చెప్పాలనిపించడంలో నాకేమీ ఆశ్చర్యం లేదు.

ప్రశ్న (తెలుగు టీచర్, కరీంనగర్): పద్యం కంఠస్థం చెయ్యమంటే పిల్లలు విసుక్కుంటున్నారు, తల్లిదండ్రులు కూడా "ఈ బట్టీ ఎందుకు మేడమ్" అంటున్నారు. ఇటలీ బడుల్లో ఇంకా కంఠస్థం చేయిస్తున్నారా?

జవాబు: చేయిస్తున్నారు. హైస్కూల్ పై తరగతుల్లో డాంటే పాఠ్యాంశం. చిన్న తరగతుల్లో పొట్టి కవితలు ఉంటాయి. మీకు పనికొస్తుందని ఒక ఉదాహరణ చెబుతాను. లెయోపార్ది అనే కవి 1819లో, ఇరవయ్యొక్కేళ్ల వయసులో "అనంతం" అనే 15 పంక్తుల కవిత రాశాడు. తన ఊరు రెకనాతిలో ఒక గుట్ట మీద కూర్చుని, ఎదురుగా ఉన్న పొదలు చూపుకి అడ్డొస్తుంటే వాటి అవతల ఉన్న అంతులేనితనాన్ని ఊహించుకోవడమే ఆ కవిత. దానికి 200 ఏళ్లు నిండినప్పుడు, 2019 మే 28న ఉదయం 11:30కి, రెకనాతిలో కవి పేరున్న చౌరస్తాలో చేరిన విద్యార్థులూ, దేశమంతటా తమ తమ బడుల్లో ఉన్న విద్యార్థులూ ఒకే సమయానికి ఆ కవిత చెప్పారు. పోటీ కాదు, మార్కులూ లేవు. 2014 నుంచి అక్కడ ఏటా బడుల్లో పైకి చదవడం కోసమే కొన్ని రోజులు కేటాయిస్తున్నారు, వాటిలో కూడా పరీక్ష ఉండదు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మనం పద్యాన్ని ఒక్కొక్క పిల్లాడి చేత విడిగా, నిలబెట్టి, మార్కుల కోసం చెప్పిస్తాం. వాడికి పద్యం అంటే టెన్షన్ అని గుర్తుండిపోతుంది. అందరూ కలిసి చెబితే మరిచిపోయినవాడిని పక్కవాడి గొంతు దాటిస్తుంది. నాలుగు రోజులు అలా చెప్పాక వాడికి వచ్చేసినట్టు వాడికే తెలియదు. అర్థం పూర్తిగా చెప్పాకే పద్యం మొదలుపెట్టాలని కూడా నేను అనుకోను. కష్టమైన మాటలు నాలుగు చెప్పి ముందు నోటికి ఎక్కించండి. అర్థం గురించి పిల్లలే అడుగుతారు.

డాంటే పంక్తులు అంత సులువుగా నోటికి రావడానికి నిర్మాణంలోనే కారణం ఉంది. మొదటి ఆరు పంక్తులు పైకి చదివి చూడండి:

నెల్ మెద్జో దెల్ కమ్మిన్ ది నోస్త్ర వీత
మి రిత్రొవాయ్ పెర్ ఊన సెల్వ ఒస్కూర
కె ల దిరిత్త వీయ ఎర స్మర్రీత.
ఆయ్ క్వాంత్ అ దీర్ క్వల్ ఎర ఎ కోస దూర
ఎస్త సెల్వ సెల్వాజ్జ ఎ అస్ప్ర ఎ ఫోర్తె
కె నెల్ పెన్సియేర్ రినోవ ల పవూర!

(జీవితం సగం దారిలో ఉండగా సరైన బాట తప్పి చీకటి అడవిలో ఉన్నానని తెలిసింది, ఆ అడవి ఎంత భయంకరమో చెప్పడమే కష్టం, తలుచుకుంటేనే భయం తిరగబెడుతుంది, అని భావం.)

పంక్తి చివర్లు చూడండి: వీత, ఒస్కూర, స్మర్రీత. మొదటిదీ మూడోదీ కలిశాయి, మధ్యలో ఒస్కూర ఒంటరిగా మిగిలింది. తర్వాతి మూడు పంక్తుల్లో దూర, పవూర వచ్చి దానికి జోడీ అయ్యాయి, ఈసారి ఫోర్తె మిగిలింది. దానికి జోడీ ఆపై మూడింట్లో వస్తుంది. ఇలా కాంటో చివరిదాకా గొలుసు తెగదు. మన పద్యంలో ప్రాస పంక్తి మొదట్లో, రెండో అక్షరం మీద ఉండి ఎత్తుగడని గుర్తుచేస్తుంది. డాంటే ప్రాస పంక్తి చివర ఉండి తర్వాతి చరణాన్ని లాక్కొస్తుంది. మధ్యలో ఒక పంక్తి ఎగిరిపోతే ప్రాస కుదరక చెప్పేవాడికి వెంటనే తెలిసిపోతుంది. చదవడం రాని మనుషులు కూడా వందల పంక్తులు గుర్తుపెట్టుకున్నారంటే ఈ గొలుసు చేసిన సాయం చాలా ఉంది.

ప్రశ్న (అనంతపురం): ఈ బహిరంగ పఠనం ఎప్పటి నుంచి ఉంది?

జవాబు: 1373లో ఫ్లోరెన్స్ పౌరులు కొందరు నగర ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నారు, లాటిన్ రానివాళ్లకి కూడా అర్థమయ్యేలా డాంటే కావ్యాన్ని అందరి ముందు చదివించి వివరణ చెప్పించమని. ప్రభుత్వం ఒప్పుకుని 100 ఫ్లోరిన్లు (ఆనాటి బంగారు నాణేలు) ఇచ్చి రచయిత బొకాచ్చోని నియమించింది. ఆయన అక్టోబర్‌లో ఒక చర్చిలో మొదలుపెట్టి, ఆరోగ్యం చెడి నరక భాగం 17వ కాంటో దగ్గర ఆపేశాడు. కవిని కాల్చెయ్యమన్న ఊరే, ఆయన పోయిన 52 ఏళ్లకి, ఆయన మాటలు వినడానికి డబ్బు పెట్టింది.

ప్రశ్న (గుంటూరు): ఇవన్నీ చదువుకున్నవాళ్ల సరదాలేమో అనిపిస్తోంది. మామూలు జనానికి ఇందులో భాగం ఉందా? మన అవధానంలో లాగా ఆశువుగా పద్యం చెప్పేవాళ్లు ఉన్నారా?

జవాబు: ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాను. అసలు దీన్ని ఇన్నాళ్లు మోసింది మామూలు జనమే.

14వ శతాబ్దం చివర్లో సక్కెత్తి అనే ఫ్లోరెన్స్ రచయిత ఒక కథ రాశాడు. డాంటే వీధిలో వెళ్తుంటే ఒక కమ్మరి సమ్మెట కొడుతూ ఆయన పద్యాలే పాడుతున్నాడట, ముక్కలు తీసేసి, ముక్కలు కలిపేసి. డాంటే లోపలికి వెళ్లి మాట్లాడకుండా సుత్తి తీసి వీధిలోకి విసిరాడు, తర్వాత పట్టకారు, తర్వాత తక్కెడ. కమ్మరి లబోదిబోమంటే, "నీ పనిముట్లు నేను పాడుచెయ్యకూడదంటే నా పనిముట్లు నువ్వు పాడుచెయ్యకు" అన్నాడట. ఇంకో కథలో గాడిదలు తోలేవాడు డాంటే పంక్తుల మధ్య "అర్రీ" అని అదిలింపు కలుపుతాడు, ఆ "అర్రీ" నేను రాయలేదని కవి వాడిని కొడతాడు. ఇవి నిజంగా జరిగాయా లేదా అన్నది కాదు నేను చూసేది. కమ్మరీ, గాడిదలు తోలేవాడూ పనిచేసుకుంటూ డాంటేని పాడటం ఆనాటి పాఠకులకి వింతగా తోచలేదు, అందుకే కథ నిలబడింది.

వెనిస్‌లో పడవ నడిపేవాళ్లకి తాస్సో అనే కవి రాసిన కావ్యం నోటికొచ్చేది. అది జెరూసలేం విముక్తి మీద 1581లో అచ్చయిన వీరకావ్యం. జర్మన్ కవి గొయ్‌థే 1786 అక్టోబర్‌లో వెనిస్ వెళ్లి, పనిగట్టుకుని ఇద్దరు గాయకుల్ని పిలిపించుకుని విన్నాడు. ఒకడు ఒక చరణం ఎత్తుకుంటే, దూరంగా ఉన్న రెండోవాడు తర్వాతి చరణం అందుకుంటాడు. దగ్గరగా వింటే గొంతు గరుకుగా ఉంటుందనీ, నీటి మీదుగా దూరం నుంచి వస్తేనే దాని అందం తెలుస్తుందనీ ఆయన రాశాడు. ఆయన విని రాసిన మరో సంగతి నన్ను వదలదు. మగవాళ్లు చేపల వేటకి వెళ్లినప్పుడు, పక్కనున్న దీవుల్లో ఆడవాళ్లు సాయంత్రం ఒడ్డున కూర్చుని ఈ చరణాలే పెద్దగా పాడేవాళ్లట, సముద్రం మీద నుంచి తమవాళ్ల గొంతు బదులుగా వినిపించేదాకా. మనుషులు కనపడకముందే పద్యం వాళ్లని కలిపేదన్నమాట. 1818లో ఇంగ్లీషు కవి బైరన్ వెనిస్ మీద రాసేనాటికి అది మూగబోయిందని బాధపడ్డాడు.

నేపుల్స్ రేవులో 19వ శతాబ్దంలో కూడా రినాల్దో అనే వీరుడి కథలు పైకి చదివి వినిపించడమే వృత్తిగా బతికినవాళ్లు ఉండేవారు, వినేవాళ్లు ఎక్కువగా రేవు కూలీలూ జాలర్లూ.

ఇక ఆశుకవిత్వం. ఉంది, ఇప్పటికీ ఉంది. టస్కనీలో, రోమ్‌కి ఉత్తరాన ఉన్న పల్లెల్లో, గొర్రెలకాపరుల మధ్య పెరిగిన విద్య ఇది. ఎనిమిదేసి పంక్తుల చరణాలు, పంక్తికి 11 మాత్రలు కాదు, 11 అక్షరాలు. మొదటి ఆరు పంక్తుల్లో రెండు ప్రాసలు ఒకటి విడిచి ఒకటి వస్తాయి, చివరి రెండు పంక్తులకి మూడో ప్రాస. ఇద్దరు ఎదురెదురుగా నిలబడతారు. జనం విషయం ఇస్తారు: నీళ్లు గొప్పా ద్రాక్షసారా గొప్పా, భూస్వామీ కౌలురైతూ. ఒకాయన చరణం ఏ ప్రాసతో ముగిస్తే రెండో ఆయన ఆ ప్రాసతోనే ఎత్తుకోవాలి, ఆలోచించుకునే వ్యవధి ఉండదు. కష్టమైన ప్రాస వదిలి ఎదుటివాడిని ఇరికించడం ఇందులో పెద్ద మజా. అవధానంలో పృచ్ఛకులు అందరూ ఒకే మనిషిని పరీక్షిస్తారు, ఇక్కడ ఇద్దరూ ఒకరినొకరు పరీక్షించుకుంటారు. మంద వెంట వెళ్తూ తాస్సోనీ, మరో వీరకావ్య కవి అరియోస్తోనీ సంచిలో పెట్టుకుని చదివిన కాపరులే ఇందులో గురువులు. సినిమా నటుడు రొబెర్తో బెనీన్యి కుర్రతనంలో ఈ కవుల మధ్యే తిరిగాడు. తర్వాత 2006లో ఫ్లోరెన్స్‌లోని శాంత క్రోచె చౌరస్తాలో వేలమంది ముందు డాంటే కాంటోలు పుస్తకం లేకుండా చెప్పినప్పుడు ఆ శిక్షణ ఆయనకి పనికొచ్చిందని నాకు గట్టి నమ్మకం.

ప్రశ్న (విశాఖపట్నం): వందలమంది ఒకేసారి పద్యం చదివితే గోల అవుతుంది గానీ కవిత్వం అవుతుందా?

జవాబు: ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లు చదివితే గోలే. రవెన్నాలో తెయాత్రో దెల్లె అల్బె అని ఒక నాటక బృందం ఉంది, మార్కో మార్తినెల్లి, ఎర్మాన్న మొంతనారి నడుపుతారు. 2017లో వాళ్లు నరక భాగాన్ని ప్రదర్శించాలనుకున్నప్పుడు ఊరికి బహిరంగంగా పిలుపు ఇచ్చారు, రావాలనుకున్నవాళ్లు ఎవరైనా రావచ్చని, ఎంపిక పరీక్షలు లేవని. పిల్లలు, ముసలివాళ్లు, ఉద్యోగస్తులు కలిసి వందలమంది వచ్చారు. ప్రదర్శన డాంటే సమాధి దగ్గర మొదలై, ఊరేగింపుగా వీధుల వెంట నడిచి, ఒకప్పుడు చర్చిగా ఉన్న థియేటర్‌కి చేరింది. దారిలో మొదటి కాంటో అందరూ బృందంగా చెప్పారు. ఒకరు పంక్తి అందిస్తే, గుంపు తిరిగి చెప్పింది. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో 11 అక్షరాల పంక్తే చెబుతుంది కాబట్టి గొంతులు వాటంతటవే దారిలో పడతాయి. మనకి భజనలో, కోలాటంలో తెలిసిన పద్ధతే.

మీ సందేహం ఇంకో రకంగా న్యాయమైనదే, కొన్నిసార్లు ఒక్క గొంతే కావాలి. 1980 ఆగస్టు 2న బొలోన్యా రైల్వేస్టేషన్లో బాంబు పేలి 85 మంది చనిపోయారు. ఏడాది నిండబోతుండగా, 1981 జూలై 31 రాత్రి, కార్మెలో బేనె అనే నటుడు ఊరి మధ్యనున్న అసినెల్లి గోపురం పైనుంచి లౌడ్‌స్పీకర్లలో డాంటేని చదివాడు. కింద వీధుల నిండా జనం. ఈ రాత్రిని చచ్చిపోయినవాళ్లకి కాదు, గాయపడినవాళ్లకి అంకితమిస్తున్నాను అన్నాడు. అంతమంది ఒకచోట నిలబడి వినడం కూడా కలిసి చదవడమే అంటాను నేను.

ప్రశ్న (ఇంజినీరింగ్ విద్యార్థి, ఖమ్మం): అన్నీ ఫోన్లో ఉండగా కంఠస్థం దేనికి?

జవాబు: ప్రీమో లేవి గురించి చెబుతాను తమ్ముడూ. టూరిన్‌కి చెందిన యూదుడు, కెమిస్ట్రీ చదివినవాడు. 1944లో నాజీల ఆష్విట్జ్ మారణ శిబిరంలో ఖైదీగా ఉన్నప్పుడు ఒకరోజు ఫ్రెంచ్ మాట్లాడే ఒక కుర్ర ఖైదీతో కలిసి సూప్ గంగాళం తేవడానికి నడుస్తున్నాడు. ఆ కుర్రాడు ఇటాలియన్ నేర్పమన్నాడు. లేవికి ఎందుకో బడిలో చదివిన డాంటే నరక భాగం 26వ కాంటో గుర్తొచ్చింది, గ్రీకు వీరుడు యులిసీస్ తన నావికులతో మాట్లాడే ఘట్టం. చెప్పడం మొదలుపెట్టాడు, మధ్యలో పంక్తులు మరుపున పడ్డాయి. తెగిన చోట కలిపే ఆ పంక్తి ఎవరైనా చెబితే ఇవాళ్టి సూప్ ఇచ్చేస్తాననుకున్నాడు. ఆ శిబిరంలో సూప్ అంటే ఒకరోజు ప్రాణం. "మీరు పశువుల్లా బతకడానికి పుట్టలేదు, మంచినీ జ్ఞానాన్నీ వెతుక్కోవడానికి పుట్టారు" అన్న మాటలు వచ్చినప్పుడు, తానెవరో ఎక్కడున్నాడో ఒక్క క్షణం మరిచిపోయానని తర్వాత 1947లో అచ్చయిన పుస్తకంలో రాశాడు. ఆ కుర్రాడు మళ్లీ చెప్పమని అడిగాడు. అన్నీ లాక్కున్నా నాజీలు లాక్కోలేకపోయింది అదొక్కటే.

ప్రశ్న (పాదువాలో చదువుకుంటున్న నలుగురు తెలుగు విద్యార్థులు): మేం ఇటాలియన్ కొద్దికొద్దిగా నేర్చుకుంటున్నాం. డాంటేని కలిసి పైకి చదవాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

జవాబు: ధైర్యంగా మొదలుపెట్టండి, తెలుగు నాలుకకి ఇది అనుకున్నంత కష్టం కాదు. దాదాపు ప్రతి మాటా అచ్చుతో ముగుస్తుంది, రాసినట్టే పలుకుతారు, ద్విత్వాలు నొక్కి పలకడం మనకి పుట్టుకతో వచ్చిందే. ఒక్క సంగతి జాగ్రత్త. ఒక మాట అచ్చుతో ముగిసి తర్వాతిది అచ్చుతో మొదలైతే రెండూ కలిపి ఒకే అక్షరంగా పలకాలి. పైన రాసిన "సెల్వ ఒస్కూర"లో ల్వ, ఒ కలిస్తేనే పంక్తి 11 అక్షరాలకి సరిపోతుంది. సంధి చదువుకున్నవాళ్లు మీరు, ఇట్టే పట్టుబడుతుంది.

మొదటి కాంటోలో 136 పంక్తులున్నాయి. వంతులవారీగా మూడేసి పంక్తులు చదవండి, 45 మూళ్లు అయ్యాక చివర ఒక్క పంక్తి మిగులుతుంది, అది నలుగురూ కలిసి చదవండి. పావుగంట లోపే అయిపోతుంది. మొదటిసారి నిఘంటువు తెరవకండి, రెండోసారి చదివేటప్పుడు తెరవండి. మార్చి 25 వస్తే మీ ఊళ్లో ఎక్కడ పఠనం ఉందో కనుక్కుని వెళ్లండి. 2020 నుంచి అది జాతీయ డాంటే దినం. మొదటి ఏడాది లాక్‌డౌన్‌లో పడితే జనం మధ్యాహ్నం 12 గంటలకి ఎవరిళ్లలో వాళ్లుండి చదివారు.

ఆ తర్వాత నేనైతే వరసగా వెళ్లకుండా నరక భాగం 17వ కాంటోకి దూకమంటాను, మీరుండేది పాదువాలో కాబట్టి. అందులో వడ్డీ వ్యాపారుల మధ్య మీ ఊరి మనిషి ఒకడు కూర్చుని ఉంటాడు. డాంటే పేరు చెప్పడు, మెడలో వేలాడే సంచి మీదున్న వంశచిహ్నం, నీలిరంగు సూడి పంది, చూపించి వదిలేస్తాడు. అతను రెజినాల్దో స్క్రొవేన్యి. అతని కొడుకు కట్టించి చిత్రకారుడు జొత్తో చేత బొమ్మలు వేయించిన చిన్న చర్చి మీ ఊళ్లోనే ఉంది. కాంటో చదివిన వారంలోనే వెళ్లి చూడండి, లోపలికి కొద్దిమందినే పంపిస్తారు కాబట్టి టికెట్లు ముందే బుక్ చేసుకోవాలి.